పల్లెకై పుట్టిన తెలుగు దూరదర్శనము

తెలుగునాట దూరదర్శన చరిత్రను వ్రాయువారు హైదరాబాదు కేంద్రము ప్రారంభమైన 1977 అక్టోబరు 23వ తేదీని ఆదిగా గ్రహించుట పరిపాటి. కేంద్రస్థాపనకు ఆ తేదీ సరియైనదే; కాని తెలుగు ప్రసారమునకు అది మొదలు కాదు. అంతకు రెండేండ్లకు పూర్వమే తెలుగు మాట దూరదర్శనమున వినవచ్చినది. దానిని తొలుత విన్నవారు నగరవాసులు కారు, గ్రామీణులు. ఈ పౌర్వాపర్యమును గమనింపనిచో ఆ కేంద్రచరిత్రలోని ముఖ్యమైన చిక్కు బోధపడదు.

భారతదేశమున దూరదర్శనము 1959లో ఢిల్లీయందును, 1972లో బొంబాయియందును, 1975లో కలకత్తా, మద్రాసులయందును వెలసినది. ముందు మహానగరము, పిమ్మట పల్లె అనునది ఈ క్రమము. ఉపగ్రహ సాహాయ్యమున మారుమూల పల్లెలకే ముందుగా చేరవచ్చునని విక్రమ్ సారాభాయి భావించెను. 1969 సెప్టెంబరులో భారత అణుశక్తి శాఖకును అమెరికా అంతరిక్షసంస్థయగు నాసాకును ఒడంబడిక కుదిరినది. 1971 డిసెంబరులో సారాభాయి మరణించినను ప్రయత్నము ఆగలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినవి. ‘సైట్’ అని ప్రసిద్ధమైన ఈ ప్రయోగమున ఆంధ్రప్రదేశ్ ఒక భాగము. హైదరాబాదు, మెదకు, మహబూబునగరు, కర్నూలు జిల్లాల గ్రామములు దీనికి ఎన్నుకొనబడినవి.

కార్యక్రమ నిర్మాణమునకు హైదరాబాదున ఒక కేంద్రము ఏర్పడెను. భూకేంద్రమునుండి ఉపగ్రహమునకు పోయిన ప్రసారమును గ్రామమున పదడుగుల వ్యాసముగల వలపళ్లెము నేరుగా గ్రహించెడిది. ఊరుమ్మడి పెట్టె ముందు జనులు గుమిగూడి చూచెడివారు. ఉదయము గంటన్నర బడిపిల్లలకును, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకును కేటాయింపబడగా, ఆ కాలమునే వివిధ భాషలు పంచుకొనెను. వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణము ముఖ్య విషయములు. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు: ఉపగ్రహమునకు హైదరాబాదు పొలిమేరలోని పల్లెయు, కర్నూలు సీమలోని పల్లెయు సమానమే.

ఏడాది ముగియగానే ఉపగ్రహసేవ నిలిచిపోయినది. ఆ గ్రామములలో కొన్నింటికైనను ప్రసారము కొనసాగింపవలెనని హైదరాబాదు, గుల్బర్గా, జయపురము, రాయపూరు, సంబల్‌పూరు, ముజఫర్‌పూరులలో భూతల ప్రసారిణులు నెలకొల్పబడినవి. హైదరాబాదు కేంద్రజననమునకు కారణ మిదియే. అయితే ప్రసారస్తంభము తన చుట్టునున్న వలయమును మాత్రమే అందుకొనగలదు. నగరము ఆ వలయమునకు నడుమ నున్నది. కర్నూలు దానికి వెలుపల నున్నది. సొంత పెట్టెను కొనగలవారు నగరమునందే అధికులు. కావున గ్రామములకై పుట్టిన కేంద్రము, ఎవరి దురుద్దేశమును లేకయే, క్రమముగా నగరమువైపు మొగ్గినది. ఇది సంకల్పలోపము కాదు, సాధనస్వభావము.

తరువాతి చరిత్రయు ఈ సూత్రమునే నిరూపించుచున్నది. 1982లో పంపిన ఇన్సాట్-1ఎ కొలది నెలలలోనే పనిచేయకపోయెను. 1983లో ఇన్సాట్-1బి వచ్చిన పిమ్మట కొన్ని గ్రామప్రాంతములకు తెలుగు కార్యక్రమములు మరల అందినవి. 1984లో దేశమంతట చిన్న ప్రసారిణులు వేగముగా వెలసినవి. కాని వానిలో పెక్కు ఢిల్లీ కార్యక్రమములనే పునఃప్రసారము చేసినవి. అనగా 1975లో పల్లెకు వ్యాప్తియు భాషయు కలిసి వచ్చినవి. 1977లో భాష నిలిచి వ్యాప్తి కుంచించుకొనినది. 1984లో వ్యాప్తి పెరిగి భాష వెనుకబడినది. ప్రాంతీయ భాషలకు ఉపగ్రహ వాహినులు ఏర్పడిన 1990ల దశకమున గాని ఈ రెండును విరివిగా మరల కలియలేదు. 2014లో రాష్ట్రవిభజనానంతరము తెలంగాణమునకు యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌నకు సప్తగిరి వేర్వేరు వాహినులైనవి.

ఈ చరిత్ర తెలుగు శాఖల పరిశోధనకు వెలుపలిది కాదు. గుజరాతులోని ఖేడా జిల్లాలో అదే కాలమున జరిగిన గ్రామీణ ప్రసారములలో ఆ ప్రాంతపు చరోతరీ పలుకుబడికి స్థానము లభించినది. తెలంగాణము, రాయలసీమల శ్రోతలకై వ్రాసిన తొలి తెలుగు ప్రసారరచనలలో ఏ మాండలికము వాడబడెను? నిరక్షరులకు శాస్త్రవిషయమును ఏ పదములతో చెప్పిరి? దీనికి సమాధానము నాటి వ్రాతప్రతులలోను, రచయితల, ప్రేక్షకుల జ్ఞాపకములలోను వెదకవలసియున్నది. నాటి బడిపిల్లలే నేడు వార్ధక్యమున అడుగిడియున్నారు. శాసనమునకు, తాళపత్రమునకు ఇచ్చిన శ్రద్ధను ఈ సామగ్రికిని ఈయకున్నచో, పల్లె మొదట విన్న తెలుగేదో చెప్పగలవారు మిగులరు.