జపాన్‌లో బాటసారి బసలు: హతాగో నుంచి హోటల్ వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తొకుగావా కాలంలో రహదారి మజిలీల వ్యవస్థ ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• హోన్‌జిన్, హతాగో, కిచిన్‌యాడో అనే బసల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• అతిథుల కథనాలను చారిత్రక ఆధారాలుగా ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పగలుగుతారు.
• అతిథికి దక్కే ఆదరణను హోదా, డబ్బు, చట్టం వేర్వేరు కాలాల్లో ఎలా ప్రభావితం చేశాయో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

జపాన్‌లోని సంప్రదాయ విడిదిని ‘ర్యోకన్’ అంటారు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. గదిలో తతామి చాపలు పరిచి ఉంటాయి. సాయంత్రం వేడినీటి స్నానం, ఆ తరువాత భోజనం, రాత్రికి చాపల మీదే పరుపు. నేటి పర్యాటకులు దీనిని కాలం మార్చని ప్రాచీన మర్యాదగా చూస్తారు. చరిత్ర విద్యార్థి అంతటితో ఆగకూడదు. ఆ గుమ్మం లోపలికి ఎవరిని రానిచ్చారు? ఖర్చు ఎవరు భరించారు? ఆ మర్యాద వెనక ఎవరి శ్రమ ఉంది? ఈ మూడు ప్రశ్నలతో చూస్తే బస చరిత్ర సమాజ చరిత్రగా మారుతుంది. అతిథి స్థానాన్ని మొదట హోదా, తరువాత డబ్బు, చివరకు చట్టం నిర్ణయిస్తూ వచ్చాయని ఈ పాఠంలో చూస్తాం. అయితే ఒకటి రాగానే మరొకటి పూర్తిగా పోలేదు.

2. రహదారులు, మజిలీలు

1600లో సెకిగహారా యుద్ధంలో గెలిచిన తొకుగావా ఇయేయాసు మరుసటి ఏడాదే ఎదో నగరాన్ని క్యోటోతో కలిపే తొకాయిదో రహదారిపై మజిలీ ఊళ్ల ఏర్పాటు మొదలుపెట్టాడు. ఎదో అంటే నేటి టోక్యో. క్రమంగా ఈ దారిలో 53 మజిలీలు ఏర్పడ్డాయి. కాలినడకన ప్రయాణం సుమారు రెండు వారాలు పట్టేది. ప్రభుత్వ పనిమీద వెళ్లేవారి కోసం తొకాయిదోలోని ప్రతి మజిలీ 100 మంది మనుషులను, 100 గుర్రాలను సిద్ధంగా ఉంచాలన్నది నియమం.

1635లో మూడవ షోగన్ ఇయేమిత్సు ‘సంకిన్ కోతాయి’ పద్ధతిని చట్టబద్ధం చేశాడు. దీని ప్రకారం దైమ్యోలు, అంటే ప్రాంతీయ ప్రభువులు, సాధారణంగా ఒక ఏడాది ఎదోలో, ఒక ఏడాది తమ సంస్థానంలో గడపాలి. భార్యాబిడ్డలు ఎదోలోనే ఉండాలి. ప్రభువుల విధేయతను కాపాడుకోవడానికి పెట్టిన ఈ నియమం వల్ల వందలాది మందితో, పెద్ద సంస్థానాలైతే వేలాది మందితో ఊరేగింపులు ఏటా రహదారులపై సాగాయి. వీరందరికీ రాత్రి బస కావాలి. జపాన్ విడిది వ్యవస్థ విస్తరించడానికి ఇదొక ముఖ్య కారణం.

3. హోదాను బట్టి బస

మజిలీ ఊళ్లలో బసలు ప్రధానంగా మూడు స్థాయుల్లో ఉండేవి.

హోన్‌జిన్: ఇది దైమ్యోలకు, రాజాస్థాన ప్రముఖులకు, ఉన్నతాధికారులకు కేటాయించిన భవనం. ప్రత్యేక ద్వారం, ఎత్తుగా కట్టిన ప్రధాన గది దీని హోదాకు గుర్తులు. సామాన్యుడు ఎంత డబ్బు ఇచ్చినా ఇక్కడ బస దొరకదు. ప్రభువులు తమ వంటవారిని, వంట సామగ్రిని, కొన్ని సందర్భాల్లో స్నానపు తొట్టిని కూడా వెంట తెచ్చుకొనేవారు. హోన్‌జిన్ నిండినప్పుడు వాడుకోవడానికి ‘వాకి హోన్‌జిన్’ ఉండేది. ప్రభువులు రాని రోజుల్లో అందులో సామాన్యులకూ చోటిచ్చేవారు.

హతాగో: ఇది సామాన్య ప్రయాణికుల బస. రాత్రి భోజనం, ఉదయం భోజనం కలిపి ఒకే ధర. నేటి ర్యోకన్‌లలో పడకతో పాటు రెండు పూటల భోజనం కలిపి ధర కట్టే ఆనవాయితీ దీని కొనసాగింపే. ధర్మం కోసం నడిచే మన సత్రంతో దీనిని పోల్చకూడదు. ఇది పూర్తిగా వ్యాపారం. 1843 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తొకాయిదోలో అత్యధికంగా మియా అనే మజిలీలో 248 హతాగోలు ఉన్నాయి.

కిచిన్‌యాడో: ఇది పేదల బస. బియ్యం బాటసారే తెచ్చుకొని వండుకోవాలి. చెల్లించేది వంటచెరకు ధర. ‘కిచిన్’ అనే మాటకు అర్థం కూడా అదే.

4. మర్యాద వెనక ఉన్న శ్రమ

మజిలీలోని మనుషులు, గుర్రాలు చాలనప్పుడు చుట్టుపక్కల గ్రామాలు ఆ లోటు తీర్చాలి. ఈ బాధ్యత ఉన్న గ్రామాలను ‘సుకెగో’ గ్రామాలు అన్నారు. నాట్లు, కోతల కాలంలో కూడా రైతు తన గుర్రంతో రహదారికి వెళ్లవలసి వచ్చేది. దానికి దొరికే చెల్లింపు నామమాత్రం. 1764లో నకసెందో రహదారి వెంట ఈ భారాన్ని మరిన్ని గ్రామాలపై మోపడానికి ప్రయత్నం జరిగింది. ముసాషి ప్రాంత రైతులు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. దీనిని ‘తెన్మా అలజడి’ అంటారు. ప్రభుత్వం అదనపు భారాన్ని ఉపసంహరించుకొంది. అయితే అలజడికి నాయకుడన్న ఆరోపణపై ఒక గ్రామాధికారికి మరణశిక్ష విధించింది. ప్రభువు ప్రయాణం సుఖంగా సాగడానికి గ్రామం చెల్లించిన మూల్యం ఇది.

హతాగోలలో భోజనం వడ్డించే స్త్రీలను ‘మెషిమోరి ఒన్నా’ అనేవారు. మాటకు అర్థం అన్నం వడ్డించే స్త్రీ అనే. వాస్తవంలో వీరిలో చాలామందిని పేద కుటుంబాలు ముందుగా సొమ్ము తీసుకొని నిర్ణీత కాలానికి అప్పగించేవి. యజమానులు వారిచేత వ్యభిచారం చేయించేవారు. 1718లో ప్రభుత్వం ఒక్కో హతాగోకు ఇద్దరికి మించి ఉండరాదని ఉత్తర్వు ఇచ్చింది. అంటే ఈ దోపిడీని నిషేధించలేదు, ఒక హద్దు పెట్టి అనుమతించింది. మజిలీ ఊరి ఆదాయం దానిపై ఆధారపడి ఉండటమే ఇందుకు ముఖ్య కారణం.

ఈ పద్ధతి కొందరు అతిథులకూ ఇబ్బందిగా ఉండేది. 1804లో ఒసాకా వ్యాపారి ఒకరి చొరవతో నమ్మకమైన బసల సంఘం ఒకటి ఏర్పడింది. అదే తరువాత ‘నానివా కో’గా పేరు పొందింది. సంఘం పలక వేలాడే బసలోనే సభ్యులు దిగేవారు. జూదం ఆడరాదు, వేశ్యలను పిలవరాదు, గట్టిగా గోల చేస్తూ విందులు చేయరాదు అన్నవి దాని నియమాలు. హోదా లేని వర్తకులు సంఘటితమై, తాము చెల్లించే డబ్బుకు తగిన బసను కోరడం ఇక్కడ గమనించదగ్గ మార్పు.

5. అతిథుల కథనాలు: ఆధారాల పరిశీలన

డచ్ కంపెనీ వైద్యుడిగా పనిచేసిన జర్మన్ దేశీయుడు ఎంగెల్బర్ట్ కెంఫర్ 1691, 1692 సంవత్సరాల్లో నాగసాకి నుంచి ఎదోకు ప్రయాణించాడు. రహదారుల రద్దీని, బసల ఏర్పాటును వివరంగా రాశాడు. అయితే అతడు అధికారుల కాపలాలో, వారు నిర్ణయించిన చోట్లలో దిగిన అతిథి. కాబట్టి అతనికి కనిపించింది మేలైన బస.

జిప్పెన్‌షా ఇక్కు 1802లో ప్రచురణ మొదలుపెట్టిన హాస్య రచనలో యాజి, కితా అనే ఇద్దరు సామాన్యులు తొకాయిదో వెంట నడుస్తారు. ఒదవారా బసలో ఇనుప అడుగున్న స్నానపు తొట్టిని ఎలా వాడాలో తెలియక, చెక్క చెప్పులతో దిగి దానిని పగలగొడతారు. ఇది కల్పన. అయినా పరాయి ఊరి పద్ధతి తెలియని బాటసారి తికమకను చూపుతుంది. హిరోషిగే 1830లలో చేసిన తొకాయిదో చిత్రాల్లో, గోయు మజిలీ దగ్గర బస స్త్రీలు బాటసారులను పట్టి లాగుతున్న దృశ్యం ఉంది. బసల మధ్య పోటీకి అది సాక్ష్యం.

బ్రిటిష్ యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ 1878లో ఉత్తర జపాన్‌లో తిరిగింది.  ముఖ్యంగా పిషుల బెడద గురించి, కాగితపు తలుపుల కన్నాల్లోంచి తొంగిచూసే కళ్ల గురించి రాసింది. నిక్కోలో దిగిన ఇంటిని మాత్రం ఎంతో మెచ్చుకొంది. తలుపు గడియ వేసుకొనే ఏకాంతం ఆమె ఆశించిన సౌకర్యం. జపాన్ బసలో గదుల మధ్య అడ్డు కాగితపు తెరే. అందువల్ల ఆమె ఫిర్యాదు బస గురించి ఎంత చెబుతుందో, ఆమె అలవాట్ల గురించీ అంతే చెబుతుంది.

ఈ కథనాలన్నింటిలో ఒక లోటు ఉమ్మడిగా ఉంది. నీళ్లు కాచినవారు, అన్నం వడ్డించినవారు వీటిలో కనిపిస్తారు కానీ మాట్లాడరు. వారి జీవితం కోసం ప్రభుత్వ ఉత్తర్వులు, గ్రామాల అర్జీలు, ఒప్పంద పత్రాల వంటి ఆధారాలను చూడాలి.

6. మేజీ కాలం: రైలు, హోటల్

1862లో సంకిన్ కోతాయి సడలింది. 1868లో తొకుగావా పాలన ముగిసింది. 1870లో కొత్త ప్రభుత్వం హోన్‌జిన్ వ్యవస్థను రద్దు చేసింది. 1872లో షింబాషి–యొకోహామా రైలు మొదలైంది. 1889లో తొకాయిదో రైలు మార్గం పూర్తయింది. రెండు వారాల నడక ఒక రోజు ప్రయాణంగా మారడంతో దారి మధ్య మజిలీలు వెలవెలపోయాయి. రైలు స్టేషన్ల దగ్గర, వేడినీటి బుగ్గల దగ్గర విడిదులు పెరిగాయి.

విదేశీయుల కోసం పాశ్చాత్య తరహా హోటళ్లు వెలిశాయి. ఎదోలో 1868లో తెరిచిన త్సుకిజి హోటల్ 1872లో అగ్నికి ఆహుతైంది. నిక్కోలో కనాయా కుటుంబం 1873లో తమ ఇంటిలోనే విదేశీయులకు బస ఇవ్వడం మొదలుపెట్టింది. బర్డ్ మెచ్చుకొన్నది ఈ ఇంటినే. హకోనెలో ఫుజియా హోటల్ 1878లో, టోక్యోలో ఇంపీరియల్ హోటల్ 1890లో ప్రారంభమయ్యాయి.

జపానీయుల విడిదుల్లో హోదా స్థానాన్ని ఇప్పుడు డబ్బు ఆక్రమించింది. గది ధరకు అదనంగా అతిథి ‘చాదాయి’, అంటే టీ సొమ్ము, ఇచ్చేవాడు. ఎంత ఇచ్చాడన్న దానినిబట్టి గది, భోజనం, పలకరింపు మారేవి. ఈ ఆచారాన్ని రద్దు చేయాలన్న ఉద్యమం కూడా ఆ కాలంలోనే సాగింది.

7. చట్టం ముందు అతిథి

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1948లో విడిదుల వ్యాపార చట్టం వచ్చింది. అంటువ్యాధి, చట్టవిరుద్ధ ప్రవర్తన, ఖాళీ లేకపోవడం వంటి నిర్దిష్ట కారణాలు లేకుండా బస నిరాకరించరాదని ఇది చెప్పింది. పుట్టుకను, హోదాను బట్టి ద్వారం మూసే హక్కు ఇక యజమానికి లేదు.

చట్టం మారినంత త్వరగా మనసు మారదని 2003 నవంబరులో తేలింది. కుష్ఠువ్యాధి నయమై, కుమమోతో ప్రాంతంలోని ఆశ్రమంలో ఉంటున్న కొందరు కురొకావా వేడినీటి బుగ్గల దగ్గర విహారానికి బయలుదేరదలచారు. ప్రిఫెక్చర్ ప్రభుత్వమే గదులు కేటాయింపజేసింది. వారెవరో తెలిశాక అక్కడి ఒక హోటల్ బస నిరాకరించింది. మిగతా అతిథులకు ఇబ్బంది కలుగుతుందన్నది ఆ హోటల్ వాదన. రోగులను బలవంతంగా వేరుచేసిన చట్టం 1996లోనే రద్దయింది. ఆ వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని 2001లో కుమమోతో న్యాయస్థానం తీర్పు కూడా చెప్పింది. ప్రభుత్వం హోటల్‌పై చర్య తీసుకొంది. కానీ హోటల్ క్షమాపణను ఆశ్రమవాసులు అంగీకరించకపోయేసరికి, వారిని దూషిస్తూ దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పాత హోన్‌జిన్ ద్వారం చట్టంలో తెరుచుకొన్నా, సమాజంలో ఇంకా పూర్తిగా తెరుచుకోలేదని ఈ ఘటన చూపుతుంది.

8. సారాంశం

తొకుగావా కాలంలో ప్రయాణికుని హోదా అతని బసను నిర్ణయించింది. ఆ ఖర్చును మజిలీ ఊళ్లు, సుకెగో గ్రామాలు, బసల్లోని స్త్రీలు మోశారు. మేజీ కాలంలో హోన్‌జిన్ రద్దు, రైలు రాక తరువాత డబ్బుకు ప్రాధాన్యం పెరిగింది. 1948 చట్టం అతిథిని హక్కున్న వ్యక్తిగా గుర్తించింది. 2003 నాటి ఘటన ఆ హక్కు ఆచరణలో ఎంత బలహీనమో చూపింది. అతిథుల కథనాలు విలువైన ఆధారాలే. అయితే రాసినవారు ఏ ద్వారం గుండా లోపలికి వెళ్లారో తెలుసుకొన్న తరువాతే వాటిని వినియోగించాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. సంకిన్ కోతాయి పద్ధతికి, మజిలీ ఊళ్ల పెరుగుదలకు ఉన్న సంబంధం ఏమిటి?
2. సుకెగో గ్రామాల బాధ్యతలను, 1764 నాటి అలజడికి కారణాన్ని తెలపండి.
3. కెంఫర్, బర్డ్ కథనాలను ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.
4. ‘జపాన్ బసల చరిత్ర హోదా నుంచి హక్కుకు సాగిన ప్రయాణం.’ ఈ వాక్యాన్ని ఎంతవరకు అంగీకరిస్తారు? ఉదాహరణలతో రాయండి.