ఉద్యోగి మనోవేదన - విశ్వవిద్యాలయ బాధ్యత: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సంస్కృతంలో 'ఉద్యోగం' అంటే ప్రయత్నం, పూనిక. భారతంలోని ఉద్యోగపర్వానికి ఆ పేరు వచ్చింది ఈ అర్థంలోనే. ఆధునిక తెలుగులో ఆ మాట జీతానికి చేసే కొలువుకు స్థిరపడింది. ఈ అర్థపరిణామంలో పూనికకు మూలమైన మనస్సు వెనుకబడి పని, పదవి, జీతం ముందుకు వచ్చాయి. విశ్వవిద్యాలయాల చరిత్ర రచనలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. స్థాపన, భవనాలు, శాఖలు, ఉపాధ్యక్షుల వివరాలు అందులో చోటుచేసుకుంటాయి గాని, వాటిని నడిపిన ఉద్యోగుల మనోస్థితి ప్రస్తావనకు రాదు. ఉద్యోగి మనోవేదనను సాహిత్యం, సంస్థ, చట్టం ఏ విధంగా గుర్తించాయో ఖమ్మం - భద్రాచలం ప్రాంతాన్ని ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కొలువులోని వేదన - రామదాసు కీర్తనలు

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న అబుల్ హసన్ తానీషా పాలనలో తహసీల్దారుగా పనిచేశాడు. వసూలు చేసిన శిస్తు సొమ్మును భద్రాచల రామాలయ నిర్మాణానికి వినియోగించినందుకు గోలకొండలో ఖైదు అనుభవించాడు. ఆ ఖైదు పన్నెండేండ్లు సాగిందని సంప్రదాయం చెబుతుంది. ఆయన కీర్తనలను భక్తిసాహిత్యంగా, సంగీత రచనలుగా పరిశీలించిన వ్యాసాలు అనేకం ఉన్నాయి. వాటిని ఒక రాజోద్యోగి మనోవేదనకు సాక్ష్యంగానూ చదవవచ్చు.

ఈ కీర్తనలలో వేడుకోలు, అలక, ఎత్తిపొడుపు, పశ్చాత్తాపం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చేయించిన నగలనూ వాటికైన మొహరీలనూ పేర్కొని దైవాన్ని నిలదీసిన కీర్తనలో వినిపించేది భక్తుని గొంతు మాత్రమే కాదు. లెక్క అప్పజెప్పవలసిన అధికారి గొంతు కూడా. దెబ్బల బాధకు తాళలేక తిట్టానని, మన్నించమని వేడుకోవడంతో అది ముగుస్తుంది. శారీరక హింస మనిషి మాటను ఏ విధంగా అదుపు తప్పిస్తుందో, ఆ తప్పిన మాట మళ్లీ ఎంత అపరాధభావాన్ని మిగులుస్తుందో ఇక్కడ స్పష్టం. పదిహేడవ శతాబ్ది కొలువును నేటి ఉద్యోగంతో సమానం చేయడం చారిత్రకంగా సరికాదు. అయితే ఒక విషయం గమనార్హం: ఆ వేదనను వినడానికి పాలనావ్యవస్థలో ఎవరూ లేరు, వినగలవాడు దైవమొక్కడే.

సంస్థల చరిత్రలో కనిపించని మనుషులు

1926లో బెజవాడలో ప్రారంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను బాంబు దాడి జరిగిన తరువాత గుంటూరుకు, యుద్ధానంతరం తిరిగి వాల్తేరుకు మారింది. ఈ తరలింపులను సంస్థ చరిత్రలో ఘట్టాలుగా చెప్పుకుంటాం. ప్రతి తరలింపు వెనుక ఇల్లు ఖాళీ చేసిన గుమాస్తా, పిల్లల చదువు మార్చిన అధ్యాపకుడు, ఊరు విడిచిన పనివాడు ఉంటారు.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనభాషగా ఉండేది. 1948 తరువాత ఆ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. దీనిని భాషావిధానంలో వచ్చిన మార్పుగానే చర్చించడం పరిపాటి. కాని జీవితమంతా ఒక భాషలో పాఠం చెప్పిన అధ్యాపకునికి బోధనభాష మారడం కేవలం విధానపరమైన విషయం కాదు. అది అతని వృత్తిగౌరవానికి, ఆత్మవిశ్వాసానికి సంబంధించినది. సంస్థాగత నిర్ణయాలు మనస్సు మీద చూపే ప్రభావాన్ని నమోదు చేసే పద్ధతి నాడు లేదు. అందువల్ల ఆ అనుభవాలకు ఆకరాలను ఆత్మకథలలో, లేఖలలో వెదకవలసి ఉంటుంది.

నిర్బంధం నుంచి హక్కు వైపు

1912 నాటి భారత ఉన్మాద చట్టం మానసిక రోగిని ప్రధానంగా నిర్బంధించవలసిన వ్యక్తిగా భావించింది. దాని స్థానంలో వచ్చిన 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చింది. అసలైన మలుపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. చికిత్స పొందడం హక్కు అని 18వ సెక్షను, శారీరక వ్యాధితో సమానంగా చూడాలని 21వ సెక్షను, వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షను చెబుతున్నాయి. అంతకు ముందే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. ఉద్యోగకాలంలో వైకల్యం ఏర్పడిన ప్రభుత్వ సంస్థల ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని ఆ చట్టం 20వ సెక్షను నిర్దేశించింది. మానసిక వైకల్యం గల ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య చేపట్టడం పరోక్ష వివక్ష కాగలదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేంద్ర రిజర్వు పోలీసు ఉద్యోగి కేసులో స్పష్టం చేసింది.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరు ఉండాలని, బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని పేర్కొంది. విద్యార్థుల ప్రాణరక్షణకు ఇవి అత్యవసరం. అయితే ఇందులో సిబ్బంది ప్రధానంగా ఆదరించవలసినవారుగా కనిపిస్తారు. ఆదరణ పొందవలసినవారుగా కాదు. విద్యార్థి దుఃఖాన్ని గుర్తించవలసిన అధ్యాపకుని దుఃఖాన్ని ఎవరు గుర్తించాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

సరిహద్దు ప్రాంతం - భాష

ఈ ప్రశ్న ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతానికి నేడు మరింత ప్రస్తుతం. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో ములుగులో సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది. కొత్తగూడెంలోని గనుల ఇంజనీరింగు కళాశాల భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. పాత విశ్వవిద్యాలయాలలో అలవాటుగా స్థిరపడిన లోపాలను కొత్త సంస్థలు తమ నిబంధనలలో మొదటే సవరించుకోవచ్చు.

ఇందులో తెలుగు శాఖలు చేయదగిన పని ఉంది. తెలంగాణ వాడుకలో 'రంది', 'మనాది', 'బుగులు' అనే మాటలున్నాయి. ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న ఎర్రుపాలెం వంటి మండలాలలో 'బెంగ', 'దిగులు' కూడా వాటి పక్కనే చేరతాయి. వీటి మధ్య సూక్ష్మభేదాలున్నాయి. రంది ఎడతెగని చింత, మనాది లోలోపల తినివేసే వేదన, బుగులు భయం. 'డిప్రెషన్' అనే ఒక్క మాటలో ఈ భేదాలు ఇమడవు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరు ద్వారా ప్రాంతీయ భాషలలోనూ సహాయం అందిస్తున్నది. 'నాకు డిప్రెషన్' అనలేని అటెండరు 'రందిగా ఉంది' అనగలడు. ఆ మాటను లక్షణంగా గుర్తించగల పదకోశాన్ని మాండలిక పరిశోధకులు, మానసిక వైద్యులు కలిసి రూపొందించవలసి ఉంది.

ముగింపు

రామదాసు కాలంలో ఉద్యోగి వేదనకు దైవమే శ్రోత. నేడు చట్టం శ్రోతను కల్పించింది. సంస్థ ఇంకా ఆ స్థానాన్ని పూర్తిగా స్వీకరించలేదు. ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఉద్యోగుల కౌన్సెలరు వారి పనితీరును మదింపు చేసే అధికారుల కింద ఉండరాదు. అలా ఉంటే గోప్యత మాటకే మిగులుతుంది. రెండు, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి ఈ రక్షణ సమానంగా వర్తించాలి. కొలువు కొనసాగుతుందో లేదోనన్న రంది వారికే ఎక్కువ; నోరు విప్పే అవకాశం వారికే తక్కువ. మూడు, వినే వ్యవస్థ చెప్పేవారి భాషలో ఉండాలి. ఈ మూడూ సేవానిబంధనలలో చేరినప్పుడే రాబోయే విశ్వవిద్యాలయ చరిత్రలలో భవనాలతోపాటు మనుషులకూ చోటు దక్కుతుంది.