పుట్టకముందే గుండెను చూసిన కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించి, పే రివిజన్ల గురించి రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో ఉన్నారు. అందుకని వైద్యచరిత్రలో ఒక చిన్న భాగం ఎంచుకున్నాను. నేను డాక్టరును కాను. వైద్య ఆరోగ్యశాఖలో ముప్పై రెండేళ్ళు గుమాస్తాగిరీ చేసి సూపరింటెండెంటుగా రిటైరైన వాణ్ణి. అయితే ఈ విషయం మా ఇంటి గడప రెండుసార్లు తొక్కింది.

మొదటిసారి 1977లో. మా తొలిచూలు మగబిడ్డ. కాన్పు సుఖంగా అయింది. బిడ్డ గట్టిగా ఏడ్చాడు, పాలు కూడా తాగాడు. రెండోరోజు సాయంత్రానికి పెదవులు, గోళ్ళు నీలంగా మారాయి. మూడోరోజు తెల్లవారకముందే పోయాడు. 'గుండెలో ఏదో పుట్టులోపం' అన్నారు డాక్టరుగారు. అంతకు మించి చూడటానికి ఆయన దగ్గర సాధనం లేదు. మా అమ్మ మాత్రం గ్రహణం నాడు కోడలు బయటికి వచ్చిందని చాలా ఏళ్ళు అంటూ ఉండేది. మాది మేనరికం, స్వయానా మేనత్త అన్న మాట కాబట్టి నా భార్య ఎదురు చెప్పలేదు.

కడుపులోని బిడ్డ గుండెను ముందు విన్నారు, చాలాకాలం తరువాత గానీ చూడలేదు. 1818లో జెనీవాలో మేయర్ అనే శస్త్రవైద్యుడు తల్లి పొట్టకు చెవి ఆనించి ఆ చప్పుడు విన్నాడు. 1821లో ఫ్రాన్సులో కెర్గరాడెక్ అనే ఆయన ఉమ్మనీటి కదలిక వినపడుతుందేమోనని స్టెతస్కోపు పెడితే, గడియారం టిక్కుటిక్కుమన్నట్టు బిడ్డ గుండె వినిపించింది. ఆ తరువాత నూరేళ్ళు దాటినా వైద్యులకు వినికిడే ఆధారం. చప్పుడు ఉందంటే బిడ్డ బతికి ఉన్నట్టు. లోపల గదులు ఎలా ఉన్నాయో దేవుడికి తెలియాలి.

చూసే సాధనం ఆసుపత్రిలో పుట్టలేదు, కర్మాగారంలో పుట్టింది. లోహంలో పగుళ్ళు కనిపెట్టడానికి, మన చెవికి అందని శబ్దాన్ని పంపి దాని ప్రతిధ్వనిని పట్టే యంత్రాలు ఉండేవి. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్ అనే వైద్యుడు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త ఓడల కర్మాగారం నుంచి అలాంటి యంత్రాన్ని ఎరువు తెచ్చి మనిషి గుండె మీద పెట్టి చూశారు. 1955లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారు డిక్కీలో వేసుకుని బాయిలర్ల కంపెనీకి తీసుకువెళ్ళాడు. పోల్చి చూడటానికి కంపెనీవారు ఒక మాంసం ముక్క సిద్ధం చేసి పెట్టారట! 1958లో ఆయన బృందం లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో గర్భిణులకు స్కానింగ్ మొదలైందని చెప్పవచ్చు.

బిడ్డ గుండెను గది గదిగా చూడటం 1980 ప్రాంతంలో కుదిరింది. లండన్‌లో లిండ్సే అలన్, అమెరికాలోని యేల్‌లో చార్లెస్ క్లైన్మన్ అందుకు ఆద్యులు. ఆ ఏడాదే, కడుపులో విపరీతమైన వేగంతో కొట్టుకుంటున్న గుండెను తల్లికి డిజిటాలిస్ మందు ఇచ్చి దారిలో పెట్టిన సంగతి కూడా లాన్సెట్‌లో వచ్చింది. మందు మింగింది తల్లి, నయమైంది బిడ్డకు.

మన దగ్గర స్కాను యంత్రానికి చెడ్డపేరు కూడా వచ్చింది. ఆడపిల్లను కడుపులోనే తుంచడానికి వాడారు. అందుకే 1994లో చట్టం చేసి 1996 నుంచి అమలులో పెట్టారు. ఆ ఫారం-ఎఫ్‌లు మా సెక్షన్‌కు కట్టలు కట్టలుగా వచ్చేవి. అదే యంత్రంతో గుండెను కూడా చూడవచ్చని వాటిని ఫైలు చేసే మాకు తెలియదు.

కడుపులోనే చికిత్స చేయడం అంత సులువుగా రాలేదు. మూసుకుపోతున్న గుండె కవాటాన్ని తల్లి పొట్టగుండా సూది పంపి బెలూనుతో తెరవడానికి ప్రయత్నించిన ఇద్దరు బిడ్డల సంగతి 1991లో లండన్ వైద్యులు ప్రచురించారు. ఇద్దరూ దక్కలేదు. ఆ మాట దాచకుండా రాశారు, అది గొప్ప. 2004లో బోస్టన్ వైద్యులు ఇరవైమందికి ప్రయత్నించగా పద్నాలుగు మందిలో కవాటం తెరుచుకుందని తెలిపారు. 2023 మార్చిలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ద్రాక్షపండంత గుండెలోకి సూది పంపి తొంభై సెకన్లలో ఆ పని ముగించారని పేపర్లలో చదివే ఉంటారు.

కానీ నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద సంగతి 1999లో పారిస్ నుంచి వచ్చింది. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారై పుట్టే పిల్లలుంటారు. కడుపులో ఉన్నంతకాలం ఊపిరి అమ్మదే కనుక ఏ ఇబ్బందీ ఉండదు. పుట్టాక కూడా, డక్టస్ అనే సన్న నాళం తెరిచి ఉన్న కొద్ది గంటలో, ఒకటి రెండు రోజులో నెట్టుకొస్తారు. అది మూసుకుంటే నీలంగా మారతారు. ఈ లోపం పుట్టాక బయటపడిన 250 మందిలో పదిహేనుమంది ఆపరేషన్ బల్ల దాకా రాకుండానే పోయారు. తక్కిన 235 మందిలో ఇరవైమంది ఆపరేషన్ తరువాత పోయారు. పుట్టకముందే తెలిసిన 68 మందిలో ఒక్కరూ పోలేదు. కడుపులో వాళ్ళకు ఏ సూదీ వేయలేదు. ముందుగా తెలియడం వల్ల కాన్పు సరైన ఆసుపత్రిలో జరిగింది, అంతే. నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు 1970ల నడుమే వచ్చింది. ధమనులను మార్చి కుట్టే ఆపరేషన్‌ను 1975లోనే బ్రెజిల్‌లో జటీన్ చేసి చూపాడు. మావాడిదీ ఇదే లోపమో కాదో ఇక తేలదు. ఆ అంకెలు మొదటిసారి చదివిన రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

రెండోసారి 2017లో. కోడలికి ఐదోనెలలో చేసిన టిఫా స్కాన్‌లో అనుమానం వచ్చి ఫీటల్ ఎకోకు పంపారు. ధమనులు తారుమారని తేలింది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి ఓపికగా చెప్పింది. అందరం లేచాక నా భార్య ఆగి, 'అమ్మా, గ్రహణానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?' అని అడిగింది. 'ఏమీ లేదమ్మా' అంది ఆవిడ. ఆటోలో ఇల్లు చేరేదాకా నా భార్య మాట్లాడలేదు. దిగుతూ 'నలభై ఏళ్ళయింది' అంది.

కాన్పు హైదరాబాదులో, పిల్లల గుండె వైద్యులున్న చోటనే జరిపించాం. పుట్టిన గంటలోపే మందు ఎక్కించారు. తొమ్మిదో రోజున ఆపరేషన్ చేశారు. ఆ ఆరు గంటలూ వియ్యంకుడూ నేనూ వరండాలో ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఒక్క మాటా లేదు. మనవరాలు ఇప్పుడు బడికి వెళుతోంది, తాడాటలో అందరికన్నా ముందుంటుంది. మన సభ్యుల ఇళ్ళలో కూతుళ్ళు, కోడళ్ళు ఉంటే ఐదోనెల స్కాన్ మానవద్దని చెప్పండి. ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో గుండెలోపం ఉన్నా, తల్లికి షుగరు ఉన్నా, మాలాగా మేనరికమైనా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఏటా ఎకో తీయించడానికి నేనే తీసుకువెళతాను. రిపోర్టులన్నీ పేజీ నంబర్లు వేసి, ఇండెక్సు రాసి, ట్యాగు కట్టి ఒక ఫైలు చేశాను. పాత అలవాటు. అందులో మొదటి పేజీ ఆమె పుట్టక నాలుగు నెలల ముందుది.