చుక్క దిద్దిన కథ

విజయవాడ గవర్నరుపేటలో నేను పని నేర్చుకున్న బోర్డుల షాపులో బొగ్గుపొడి మూట ఒకటి ఎప్పుడూ మేకుకు వేలాడుతూ ఉండేది. పాత పంచె గుడ్డలో మెత్తగా నూరిన పొడి పోసి, దారంతో బిగించి కట్టిన మూట అది. మా గురువుగారు ముందుగా బోర్డు కొలతకు కాగితం పరిచి, దాని మీద పెన్సిల్‌తో అక్షరాలు రాసేవారు. ఆ అక్షరాల అంచుల వెంట సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడవడం నా పని. ఆ కాగితాన్ని తెల్లరంగు పూసి ఆరబెట్టిన రేకుకు ఆనించి మూటతో తడుతూ పోతే, కాగితం తీసేసరికి రేకు మీద నల్లచుక్కల బారు మిగిలేది. దాని వెంట కుంచె నడిపితే బోర్డు తయారు. అదే పేరు ఇంకో నాలుగు బోర్డుల మీదికి కావాలన్నా ఆ చిల్లుల కాగితం ఒక్కటి చాలు.

ఒకరోజు 'వ' తలకట్టు దగ్గర నా సూది జారి ఒక చిల్లు బయటికి పడింది. రంగు వేసేటప్పుడు అక్కడ కూడా చుక్క ఉంది కదా అని కుంచెను అటు తిప్పాను. గురువుగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. "చుక్క ఉన్నచోటికల్లా పోతావేంట్రా? అక్షరం ఎటు పోతోందో అటు పో" అన్నారు. ఆ తర్వాత నేను కంప్యూటర్ ముందుకు చేరాను. దాదాపు 30 ఏళ్లుగా ట్రేసింగ్ పనితోనే బతుకుతున్నాను. ఈ పనికి సాఫ్ట్‌వేర్లు ఎలా పుట్టాయో, ఎలా మారుతూ వచ్చాయో తెలుసుకున్నకొద్దీ, ఆయన ఆ రోజు అన్న మాట చుట్టూనే ఆ చరిత్రంతా తిరిగిందనిపిస్తుంది.

ట్రేసింగ్‌కు మన భాషలో చక్కటి మాట ఉంది: దిద్దడం. పంతులుగారు పలక మీద 'అ' రాసిస్తే పిల్లవాడు దాని మీదే బలపం తిప్పుతాడు. అది దిద్దడం. తప్పుంటే సరిచేస్తాం. అదీ దిద్దడమే. ఉన్న గీత మీద గీత వెయ్యడం, వంకర ఉంటే తీర్చడం రెండూ ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి. వీటిలో మొదటిది కంప్యూటర్‌కు ఎలా అబ్బింది, రెండోది ఎంతవరకు అబ్బింది అన్నదే నేను చెప్పదలుచుకున్నది.

స్కాన్ చేసిన బొమ్మకు గీత అంటే ఏమిటో తెలీదు. దాని దగ్గర ఉన్నవి గళ్లు మాత్రమే. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 గళ్ల లెక్కన, స్కాన్ కొడితే ఒక్క చదరపు అంగుళంలో 90,000 గళ్లు. ప్రతి గడీ నేను నలుపు, నేను తెలుపు అని తన సంగతి తాను చెప్పుకుంటుంది తప్ప, మేమంతా కలిసి 'శ్రీ' అయ్యామన్న సంగతి వాటిలో దేనికీ తెలీదు. అందుకే బొమ్మను పెంచితే అంచులు మెట్లు మెట్లుగా విరుగుతాయి. వెక్టర్ దారి వేరు. అక్కడ వంపు అంటే రెండు కొసలు, ఆ వంపును అటూ ఇటూ లాగే రెండు పిడులు. అంతే. అగ్గిపెట్టె మీద వేసినా, సినిమా హాలు గోడంత చేసినా ఆ వంపు వంపుగానే ఉంటుంది. ఈ లెక్క కార్ల కంపెనీల్లో పుట్టింది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ ఉద్యోగి పాల్ డి కాస్టెల్జో 1959లోనే దాన్ని కనిపెట్టాడు. కంపెనీ బయటపెట్టనివ్వలేదు. 1960లలో రెనో కంపెనీలో పియరీ బెజియే అదే దారిన నడిచి లోకానికి చెప్పాడు కాబట్టి ఆ వంపుకు ఆయన పేరే నిలిచింది.

కారు రేకుల నుంచి ఆ వంపు బొమ్మలు గీసేవాళ్ల చేతికి రావడం వెనక ఒక ఇంటి కథ ఉంది. చార్లెస్ గెష్కీతో కలిసి 1982లో అడోబీ కంపెనీ పెట్టిన జాన్ వార్నాక్ భార్య మార్వా గ్రాఫిక్ డిజైనర్. అడోబీ మొదటి లోగో ఆమె గీసిందే. ఫ్రెంచ్ కర్వులు, సిరా పెన్నులు పెట్టుకుని ఆమె ఎంత ఓపికగా గీతలు తీసేదో వార్నాక్ రోజూ చూశాడు. 1987లో మార్కెట్లోకి వచ్చిన ఇల్లస్ట్రేటర్ అనే అడోబీ సాఫ్ట్‌వేర్ ఆ చూపులోంచి పుట్టింది. స్కాన్ చేసిన బొమ్మ కింద లేత బూడిదరంగులో కనబడుతూ ఉంటుంది, పైన మనం పెన్ టూల్‌తో వంపులు వేసుకుంటూ పోవాలి. బటర్ పేపర్ వేసి దిద్దడమే అది, కాగితం ఒక్కటే లేదు. చిత్రకారుడు బొటిచెల్లి వేసిన వీనస్ ముఖాన్ని ఆ సాఫ్ట్‌వేర్ డబ్బా మీద గుర్తుగా పెట్టారు. ఎగిరే జుట్టు, నున్నటి చెంప. వంపుల పనితనం చూపడానికి అంతకన్నా మంచి ముఖం దొరకదు.

అంతకు ముందే, 1970లలో, జర్మనీలోని హాంబర్గ్‌లో పీటర్ కారో ఇకారస్ అనే వ్యవస్థ తయారుచేశాడు. అచ్చు అక్షరాలను కంప్యూటర్‌కు ఎక్కించడానికి. పెద్దగా గీసిన అక్షరాన్ని పలక మీద పరిచి, దాని అంచు వెంట ఒక్కో బిందువు దగ్గర ఆగి, ఇది మూల, ఇది వంపు, ఇక్కడ తిన్నటి గీత వంపులో కలుస్తోంది అని మనిషి బటన్ నొక్కి చెప్పేవాడు. నాకు ఇందులో మా షాపు కనబడుతుంది. సూది ఎక్కడ దిగాలో చెయ్యి నిర్ణయించినట్టే, మూల ఎక్కడో వంపెక్కడో అక్కడ కూడా మనిషే నిర్ణయించాడు.

ఆ నిర్ణయం మెల్లగా యంత్రం చేతికి వెళ్లింది. ఇల్లస్ట్రేటర్ 88లో ఆటో ట్రేస్ అన్న పనిముట్టు వచ్చింది. బొమ్మ అంచు మీద నొక్కితే అదే ఆ అంచును పట్టుకుని చుట్టి వచ్చేది. తర్వాత ట్రేసింగ్ కోసమే అడోబీ స్ట్రీమ్‌లైన్ అని విడిగా ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 1989 జనవరిలో కెనడాలోని ఒట్టావా నుంచి కోరల్ డ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ బయల్దేరింది. దాని తర్వాతి వెర్షన్లతో పాటు కోరల్ ట్రేస్ వచ్చింది.

మా ఊరికి చేరింది కోరలే. పత్రికల పేజీలకు పేజ్‌మేకర్, మిగతా అన్నిటికీ కోరల్. శుభలేఖ, స్క్రీన్ ప్రింటింగ్ ఫిల్మ్, బండి మీద రేడియం స్టిక్కర్ అన్నీ దాంట్లోనే. రేడియం పనికి అంతకు ముందు చేతిలో బ్లేడే దిక్కు. ఆటో వెనక అద్దం మీద దేవుడి పేరు కొయ్యాలంటే, కాగితం మీద రాసుకుని, స్టిక్కర్ మీద అంటించి, ఊపిరి బిగబట్టి బ్లేడు నడపాలి. ప్లాటర్ మిషన్ వచ్చాక బ్లేడు దాని చేతికి పోయింది. కానీ ప్లాటర్‌కు బొమ్మ కనబడదు. దానికి దారి కావాలి. ఆ దారి వేసిపెట్టేదే ట్రేస్.

మొదటిసారి నేను ట్రేస్ కొట్టింది ఒక పాత శుభలేఖ మీది 'శ్రీ'. ఒక ముసలాయన తన పెళ్లినాటి శుభలేఖ తెచ్చి, మనవరాలి పెళ్లికీ అదే 'శ్రీ' వేయమన్నారు. కాగితం పచ్చబడింది, సిరా వెలిసింది. స్కాన్ చేసి ట్రేస్ కొడితే కొద్దిసేపట్లో ఆ అక్షరం తెర మీద నల్లగా, పూర్తిగా నిలబడింది. చేత్తో అయితే అరపూట పని. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

దాన్ని పెద్దది చేసి చూశాక అసలు సంగతి తెలిసింది. గుడిదీర్ఘం సుడి చుట్టూ నోడ్లు, అంటే వంపుల కొసలు, చీమలబారులా ఉన్నాయి. పెన్ టూల్‌తో నేను నాలుగు నోడ్లలో తిప్పే వంపుకు అది నలభై పెట్టింది. సిరా కాగితంలోకి ఇంకి పాకిన నూగు, మడతపడ్డ చోట చిట్లిన గీత అన్నీ అక్షరంలో భాగాలే అనుకుని వాటి చుట్టూ కూడా శ్రద్ధగా తిరిగివచ్చింది. దాన్ని అలాగే ప్లాటర్‌కు పంపితే బ్లేడు నోడు నోడుకూ తడబడి, అంచు రంపపు పళ్లలా వచ్చేది. నోడ్లు తీసేసి వంపులు మళ్లీ సరిచేసుకోవడానికి పట్టిన టైము తక్కువేం కాదు.

నన్ను నిజంగా మార్చింది ఇంకో పని. ఒక కథల పుస్తకానికి అట్ట మీద పేరు. చిత్రకారుడు కుంచెతో చాలా అందంగా రాసిచ్చారు. కాగితం మీద సిరా చిందింది, చుట్టూ సన్నటి తుంపరలు. నేను ట్రేస్ కొట్టి, ఆ తుంపరలు పోవాలని మరకలు తీసేసే సెట్టింగ్ పెంచాను. అక్షరాలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. అట్టలు అచ్చయ్యాయి. రచయిత వచ్చి ఒక అట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "బాబూ, నా 'కథలు' 'కధలు' అయ్యాయే" అన్నారు.

'థ' కడుపులోని చుక్క పోయింది. తుంపరలతో పాటే యంత్రం దాన్నీ ఊడ్చేసింది. ఆ రోజు రాత్రి కూర్చుని మన అక్షరాలన్నీ ఒకసారి రాసుకున్నాను. 'థ'లో చుక్క పోతే 'ధ', 'ధ' కింది వత్తు పోతే 'ద'. 'ఠ'లో చుక్క పోతే 'ర', అప్పుడు పాఠం కాస్తా పారం అవుతుంది. మన లిపిలో ఒక చుక్క ఒక శబ్దం. యంత్రం ఊడ్చేసిన మరకకూ ఆ చుక్కకూ కొలతలో తేడా లేదు. తేడా అల్లా అర్థంలోనే ఉంది. తప్పు నాదే. అక్షరం ఎటు పోతోందో చూడాల్సినవాణ్ని చూడలేదు. ఆ అట్టలు మళ్లీ నా ఖర్చుతో వేయించాను.

తర్వాత కొన్నేళ్లకు పోట్రేస్ అనే ట్రేసింగ్ సాఫ్ట్‌వేర్ గురించి చదివినప్పుడు ఆ రాత్రి గుర్తొచ్చింది. పీటర్ సెలింగర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 2001లో దాన్ని రాసి ఉచితంగా ఇచ్చాడు. 2003లో అది పనిచేసే పద్ధతిని వ్యాసంగా వివరించాడు. ముందుగా నలుపు తెలుపులు కలిసే సరిహద్దుల వెంట నడిచి దారులు తీస్తుంది. ఒక్కో దారినీ వీలైనంత తక్కువ భుజాలున్న బహుభుజిగా మారుస్తుంది. ఆ తర్వాత ఒక్కో మూల దగ్గరా ఆగి దీన్ని మూలగా ఉంచాలా, వంపుగా తిప్పాలా అని తేల్చుకుంటుంది. ఆ తేల్చడానికి ఒక అంకె ఉంది. దాన్ని సున్నా చేస్తే అన్నీ మూలలే, 1.33 దాటిస్తే మూలలే ఉండవు. మామూలుగా 1 దగ్గర ఉంటుంది. మరకలకు ఇంకో అంకె. మనం మార్చకపోతే 2 గళ్ల వరకు ఉన్న చుక్కలను మరకలుగా లెక్కగట్టి వదిలేస్తుంది. హాంబర్గ్‌లో మనిషి బటన్ నొక్కి చెప్పిన మాట ఇక్కడ అంకెగా మారింది. సెలింగర్ ఆ అంకెలను దాచిపెట్టకుండా మన చేతికే ఇచ్చాడు. అందుకు ఆయనంటే నాకు గౌరవం. నిర్ణయం అనేది ఒకటి ఇక్కడ జరుగుతోందని ఆ అంకెలు గుర్తుచేస్తాయి.

2003లో మొదలైన ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పోట్రేస్‌నే లోపల పెట్టుకుంది. సాఫ్ట్‌వేర్ కొనలేని కుర్రాళ్లకు అదే బడి అయింది. అడోబీ 2005లో ఇల్లస్ట్రేటర్ సీఎస్2తో లైవ్ ట్రేస్ తెచ్చింది. కోరల్ 2006లో ఎక్స్3 వెర్షన్‌తో పవర్ ట్రేస్ తెచ్చింది. 2012లో సీఎస్6లో లైవ్ ట్రేస్ ఇమేజ్ ట్రేస్‌గా మారి, గీతలు ఇంకా శుభ్రంగా రావడం మొదలైంది. అందులో పాత్స్, కార్నర్స్, నాయిస్ అని మూడు మీటలు ఉంటాయి. అంచును ఎంత దగ్గరగా అంటిపెట్టుకోవాలి, మూల ఏది, మరక ఏది. పేర్లు కొత్తవి, ప్రశ్నలు పాతవే.

కోరల్‌లో సెంటర్‌లైన్ ట్రేస్ అని ఇంకోటి ఉంది. దాని విలువ నాకు ముగ్గు వల్ల తెలిసింది. సంక్రాంతి ముగ్గును చెక్క మీద చెక్కే మిషన్‌కు ఇవ్వాలని మామూలు ట్రేస్ కొడితే, ఒక్క పిండిగీతకు రెండు అంచులు వచ్చి గీత సన్నటి కాలవలా తయారైంది. వేళ్ల మధ్య నుంచి జారిన పిండికి అంచులు ఉంటాయి నిజమే. కానీ ముగ్గు వేసే ఆడమనిషి గీసింది ఒకే గీత. సెంటర్‌లైన్ ఆ నడిగీతను పట్టుకుంటుంది. అంచు కంటికి కనబడేది, నడిగీత చెయ్యి నడిచినది. ఏది కావాలో పని చెబుతుంది, ఎంచుకోవాల్సింది మనిషి.

ఫ్లెక్సులు వచ్చాక మా గురువుగారి కుంచె ఆగిపోయింది. ఇప్పుడాయన లేరు. ఆయన పోయాక వాళ్లబ్బాయి ఒక కాగితాల చుట్ట తెచ్చి నాకిచ్చాడు. అన్నీ ఆ పాత చిల్లుల కాగితాలే. పెన్సిల్ గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి, చిల్లులు మిగిలాయి. వెనక నల్లకాగితం పెట్టి స్కాన్ చేసి ట్రేస్ కొట్టాను. ఒక్క అక్షరం రాలేదు. వచ్చినవి వందల కొద్దీ చిన్న చిన్న సున్నాలు, వేటికవి. మరకలు తీసే మీట కాస్త పైకి జరిపితే అవి కూడా పోయి తెర తెల్లబడింది.

అందుకని ఆ స్కాన్‌ను కింద లేతగా పెట్టుకుని పెన్ టూల్ తీశాను. రోజుకు రెండు మూడు అక్షరాల చొప్పున దిద్దుతున్నాను. మొన్న ఒక కాగితంలో 'వ' దగ్గరికి వచ్చేసరికి తలకట్టు పక్కన ఒక చిల్లు బయటికి పడి ఉంది. ఆ సూదిపోటు నాదే. దాన్ని అక్కడే వదిలేసి, అక్షరం పోయే దారిన వంపు తిప్పాను.