ఝండాపూర్‌లో ఆగిన నాటకం

1989 జనవరి 1, ఆదివారం. ఢిల్లీ పొలిమేర దాటితే సాహిబాబాద్ పారిశ్రామికవాడ. అక్కడి ఝండాపూర్ వీధిలో జన నాట్య మంచ్ అనే వీధి నాటక దళం 'హల్లా బోల్' నాటకం మొదలుపెట్టింది. తెర లేదు, వేదిక లేదు. గుండ్రంగా నిలబడ్డ కార్మికుల మధ్య ఖాళీ జాగాయే రంగస్థలం. నటులెవరూ నాటకాల మీద బతికేవాళ్లు కారు. వాళ్లను నడిపించే సఫ్దర్ హష్మీకి 34 ఏళ్లు. వీధి నాటకం కోసం ప్రభుత్వోద్యోగం వదులుకున్న మనిషి.

మున్సిపల్ ఎన్నికల రోజులవి. నాటకం కార్మిక సంఘం సిఐటియు బలపరిచిన అభ్యర్థి తరఫున ఆడుతున్నారు. అంతలో కాంగ్రెస్ మద్దతున్న ప్రత్యర్థి అనుచరులను వెంటేసుకుని వచ్చి దారి వదలమన్నాడు. కాసేపు ఆగమనీ, లేదంటే పక్కదారిన వెళ్లమనీ సఫ్దర్ నచ్చజెప్పాడు. వాళ్లు ఇనుప రాడ్లతో, తుపాకులతో విరుచుకుపడ్డారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు తూటా తగిలి ప్రాణాలు విడిచాడు.

నటులు సిఐటియు ఆఫీసులోకి పరుగెత్తారు. గూండాలు వెంటబడ్డారు. లోపలివాళ్లు వెనకవైపు నుంచి తప్పించుకునేదాకా సఫ్దర్ తలుపు దగ్గర అడ్డుగా నిలబడ్డాడు. చివరికి అతనొక్కడే వాళ్ల చేతికి చిక్కాడు. వీధిలోకి ఈడ్చి, రాడ్లతో తల మీద మోదారు. మర్నాటి రాత్రి ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రిలో కన్నుమూశాడు. 3న వేల జనం అంతిమయాత్రలో కదిలారు.

డిటెక్టివ్ నవలైతే హంతకుడెవరో చివరి పేజీదాకా తెలియదు. ఇక్కడ పట్టపగలు, జనమంతా చూస్తుండగా జరిగిన హత్య. అయినా ఘజియాబాద్ కోర్టు పదిమందిని దోషులుగా తేల్చేసరికి 2003 నవంబరు వచ్చింది. దాదాపు 15 ఏళ్లు! కళ్లెదుటి నేరానికి ఇంత ఆలస్యమైన న్యాయాన్ని న్యాయమనడానికి నోరు రాదు.

దళం మాత్రం తీర్పు కోసం ఎదురుచూడలేదు. అంత్యక్రియలైన మర్నాడే, జనవరి 4న, సఫ్దర్ భార్య మొలయశ్రీ తోటి నటులతో కలిసి ఝండాపూర్ వచ్చింది. ఆమె కూడా ఆ నాటకంలో నటి. భర్తను కొట్టి చంపిన చోటే, వేలమంది ఎదుట, ఆగిపోయిన నాటకాన్ని పూర్తిచేసింది.

ఆ దాడి జరిగిందే నాటకం నోరు నొక్కడానికి. నాలుగో రోజుకే ఆ ప్రయత్నం ఓడిపోయింది. సఫ్దర్ పుట్టిన ఏప్రిల్ 12ను దేశంలోని కళాకారులు వీధి నాటక దినోత్సవంగా జరుపుకుంటున్నారు. కార్మికుడి గోడు కార్మికవాడలోనే వినిపించే ప్రతి దళమూ సఫ్దర్‌కు వారసురాలే.