తుదిమాట ఎవరిది?

ఆస్తిని గురించి ముందుగా వ్రాసి ఉంచుట మనకు క్రొత్త కాదు. అట్టి పత్రమునకు మరణశాసనమనియు, వీలునామా అనియు రెండు పేర్లున్నవి. ఆంగ్లపు ‘విల్లు’కు పారసీక ‘నామా’ చేరి రెండవ మాట పుట్టినది. అయితే ఆ పత్రము మనిషి పోయిన తరువాత గాని నోరు విప్పదు. ప్రాణముండియు మాట లేని దశలో తన శరీరమునకు ఏ చికిత్స చేయవలెనో, దేనిని మానవలెనో ముందే చెప్పి ఉంచు పత్రము వేరు. దాని చరిత్ర చాల చిన్నది.

మృత్యువును ఎరిగి ఎదుర్కొనుట మన సాహిత్యమునకు పరిచితమే. భాగవతములోని పరీక్షిత్తు తనకు మిగిలిన ఏడు దినములను కథాశ్రవణమునకు కేటాయించినాడు. భీష్ముడు ఉత్తరాయణము వచ్చువరకు అంపశయ్యపై నిరీక్షించినాడు. మన కాలమున, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానమునకు నాంది పలికిన వినోబా భావే, 1982 నవంబరులో పవనార్ ఆశ్రమమున అన్నమును, ఔషధమును నిరాకరించి 15వ తేదీన కన్నుమూసినారు. వీరందరు తమ సంకల్పమును తామే తెలుపగలిగినవారు.

యంత్రయుగము తెచ్చిన చిక్కు వేరు. కృత్రిమశ్వాస యంత్రములు వచ్చిన పిమ్మట, తెలివి తిరిగి రాని దేహమును సైతము నెలలు, ఏండ్లు నిలుపుట సాధ్యమైనది. 1969లో చికాగో న్యాయవాది లూయీ కుట్నర్, మనిషి బ్రతికియుండగనే అమలుకు వచ్చు వీలునామాను ప్రతిపాదించినాడు. 1976లో న్యూజెర్సీ న్యాయస్థానము, అచేతనయైన కేరెన్ క్విన్లన్‌కు శ్వాసయంత్రమును తొలగించు విషయమున ఆమె తండ్రి కోర్కెను మన్నించినది. యంత్రము తీసిన తరువాత కూడ ఆమె 1985 వరకు జీవించినది. 1976లోనే కాలిఫోర్నియా ఇట్టి పత్రములకు చట్టబద్ధత కల్పించినది.

మన దేశమున ఈ ప్రశ్నకు రూపమిచ్చినది అరుణా శాన్‌బాగ్ జీవితము. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా ఉండిన ఆమె 1973 నవంబరు 27న దారుణమైన దాడికి గురియై, దాదాపు 42 ఏండ్లు అచేతనస్థితిలో గడిపి, 2015 మే 18న మరణించినది. ఆమెపై పుస్తకము వ్రాసిన పింకీ విరానీ ఆమెకు విముక్తి కావలెనన్నది. ఏండ్ల తరబడి సాకిన ఆసుపత్రివారు ఆమె బ్రతుకవలెనన్నారు. 2011 మార్చి 7న సర్వోన్నత న్యాయస్థానము ఆసుపత్రివారినే ఆత్మీయులుగా ఎంచి విరానీ అర్జీని త్రోసిపుచ్చినది. అయినను హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్సను మాన్పుటకు ఆ తీర్పే దారి చూపినది. ఇరువైపుల ఉన్నదియు ప్రేమయే. అరుణ ఏమనునో మాత్రము ఎవరికిని తెలియలేదు.

హైదరాబాదులో ఇందుకు విరుద్ధమైన ఘట్టము జరిగినది. కండరముల క్షీణతతో బాధపడుచు, తన అవయవములు ఇతరులకు పనికివచ్చునట్లు ముందే యంత్రము తొలగింపుమని కోరిన ఒక యువ చదరంగ క్రీడాకారునికి 2004 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అనుమతి ఈయలేదు. అక్కడ మాట లేదు. ఇక్కడ మాట ఉన్నను దానికి చట్టమున చోటు లేదు.

2005లో ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన అర్జీపై 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ముందస్తు వైద్యనిర్దేశమును అంగీకరించినది. దానిపై మేజిస్ట్రేటు సంతకము ఉండవలెనను నియమము మొదట ప్రతిబంధకమైనది. 2023 జనవరి 24న దానిని సడలించి, ఇద్దరు సాక్షులతో నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువపరచిన చాలునన్నారు. చికిత్స మానుటకు ముందు రెండు వైద్యమండలులు పరిశీలింపవలెను. మందు ఇచ్చి ప్రాణము తీయుటకు ఇందు తావు లేదు.

ఈ భేదమును మన భాష ఇంకను పట్టుకొనలేదు. పత్రికలు రెండింటిని కలిపి ‘కారుణ్య మరణము’ అనుచున్నవి. ఆ మాట వినగనే తల్లిదండ్రులను చంపుటకు అనుమతి అడుగుచున్నట్లు బిడ్డలు వణకుదురు. అశుభము పలుకరాదని పెద్దలు ప్రసంగమునే మార్చుదురు. చివరకు ఐ.సి.యు. ద్వారమునొద్ద, నిదుర లేని కొడుకు తండ్రి మనసును ఊహించి సంతకము చేయవలసి వచ్చును. వ్యర్థచికిత్సను మానుటకు, ప్రాణము తీయుటకు వేర్వేరు తెలుగు మాటలు స్థిరపడిననాడు ఇంటిలో ఆ సంభాషణ కొంత సులభమగును. ఆ మాటలు కూర్చుట న్యాయమూర్తుల పని కాదు, మన పని.