మధ్యశ్రేణి గ్రాఫిక్స్ కార్డు

కంప్యూటరు తెరపై కనిపించే దృశ్యాలను లెక్కగట్టి గీసే పనిని ముఖ్య ప్రాసెసరుకు బదులుగా తన మీద వేసుకునే విడిభాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. వీటిలో మరీ ఖరీదైనవీ, మరీ చవకవీ కాక, ఇంట్లో ఆటలు ఆడుకొనే కంప్యూటరుకు సరిపడేవాటిని మధ్యశ్రేణి కార్డులని వ్యవహరిస్తారు. ఎన్‌విడియా వారి జీఫోర్స్ 1060, 3060, 4060, ఏఎమ్‌డీ వారి రేడియాన్ ఆర్ఎక్స్ 6600, ఆర్ఎక్స్ 7600, ఇంటెల్ వారి ఆర్క్ బీ580 ఈ కోవకు చెందినవి. విడుదల సమయంలో అమెరికాలో వీటికి ప్రకటించిన ధరలు సుమారుగా 250 నుండి 330 డాలర్ల మధ్య ఉండేవి. భారతదేశంలో పన్నులు కలిసి ధర మరింత పెరుగుతుంది. సామాన్య కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

పేరులోని చిక్కు

పెట్టెపై ఉన్న పేరు ఒక్కటే చూసి కొనేవారు నష్టపోయే అవకాశం ఎక్కువ. 2016లో వచ్చిన జీఫోర్స్ 1060 కార్డు 6 గిగాబైట్లు, 3 గిగాబైట్లు అని రెండు రకాలుగా లభించింది. తేడా మెమరీలో మాత్రమే అని చాలామంది అనుకున్నారు. నిజానికి మొదటిదానిలో 1280 గణన విభాగాలు ఉండగా, రెండవదానిలో 1152 మాత్రమే ఉన్నాయి. జీఫోర్స్ 3060 విషయంలోనూ ఇదే జరిగింది. 2021 నాటి కార్డులో 12 గిగాబైట్ల మెమరీ, సెకనుకు 360 గిగాబైట్ల రవాణా వేగం ఉండేవి. 2022లో అదే పేరుతో వచ్చిన 8 గిగాబైట్ల కార్డులో ఆ వేగం 240కి తగ్గింది. ఒకే తరగతిలో ఒకే పేరు గల ఇద్దరు పిల్లలను ఇంటిపేరుతో గుర్తించినట్లు, ఈ కార్డులను మెమరీ పరిమాణంతో కలిపి గుర్తించవలసి ఉంటుంది.

ఆ పరిమాణం కూడా ఒక్కొక్కసారి పూర్తి సంగతి చెప్పదు. 2014లో విడుదలైన జీఫోర్స్ 970లో 4 గిగాబైట్ల మెమరీ ఉన్నా, చివరి అర గిగాబైటు మిగిలిన భాగం కంటే బాగా నెమ్మదిగా పనిచేసేది. దీనిపై అమెరికాలో వ్యాజ్యం నడిచింది. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఎన్‌విడియా అక్కడి కొనుగోలుదారులకు కార్డుకు 30 డాలర్ల చొప్పున చెల్లించడానికి అంగీకరించింది.

మెమరీ

ఆటలోని గోడలు, నేల, దుస్తులు వంటివాటి ఉపరితల చిత్రాలు కార్డు మెమరీలో నిలువ ఉంటాయి. అవి అక్కడ పట్టకపోతే కంప్యూటరు ముఖ్య మెమరీ నుండి మాటిమాటికీ తెచ్చుకోవాలి. ఆ దారి చాలా ఇరుకు. అందువలన ఆట సగటు వేగం బాగానే కనిపించినా, మధ్యమధ్య ఒక్క క్షణం ఆగి కదులుతుంది. ఇలా ఆగడం నిలకడగా తక్కువ వేగంతో నడవడం కంటే ఎక్కువ చికాకు కలిగిస్తుంది. 2025లో రేడియాన్ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 గిగాబైట్లకు 299 డాలర్లు, 16 గిగాబైట్లకు 349 డాలర్లు ప్రకటిత ధరలతో విడుదలైంది. కార్డును నాలుగైదేళ్ళు వాడదలచినవారికి ఆ 50 డాలర్లు వృథా ఖర్చు కావు.

తెర, విద్యుత్తు

1920 అడ్డు, 1080 నిలువు చుక్కలు గల తెరపై కార్డు ప్రతి చిత్రానికీ సుమారు 20 లక్షల చుక్కలను గీయాలి. 2560 అడ్డు, 1440 నిలువు చుక్కల తెరకు ఈ సంఖ్య దాదాపు 37 లక్షలు. సెకనుకు 60 చిత్రాలే చూపగల పాత తెరకు 120 చిత్రాలు గీసే కార్డు కొన్నా, అదనపు చిత్రాలు పూర్తిగా తెరపైకి రావు. కనుక తెరను బట్టి కార్డును ఎంచుకోవడం ఉచితం.

మదర్‌బోర్డు స్లాటు నుండి కార్డుకు అత్యధికంగా 75 వాట్లు మాత్రమే లభిస్తాయి. అంతకు మించి కావలసినది పవర్ సప్లై నుండి వేరే తీగ ద్వారా రావాలి. జీఫోర్స్ 4060కి 115 వాట్లు, ఆర్క్ బీ580కి 190 వాట్లు అవసరం. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చవక పవర్ సప్లైలో ఆ తీగ ఉన్నదో లేదో ముందే చూడాలి.

పాత కార్డులు

ఇథీరియం అనే డిజిటల్ నాణెం తయారీకి గ్రాఫిక్స్ కార్డులను విరివిగా వాడేవారు. 2022 సెప్టెంబరు 15న ఆ పద్ధతి మారడంతో, రాత్రింబవళ్ళు పనిచేసిన కార్డులు అనేకం పాత సామాను విపణికి చేరాయి. అటువంటివన్నీ చెడిపోయినవి కావు గాని, ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. పాత కార్డును కొనేముందు ఏదైనా బరువైన ఆటను అరగంట నడిపించి, తెరపై రంగుల మచ్చలు, ఫ్యాను నుండి గరగర శబ్దం వస్తున్నాయేమో గమనించాలి.